చదువరి అఫిడవిట్

ఈ దేశంలో ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే తన దగ్గర ఎన్ని తులాల బంగారం ఉందో, భార్య పేరు మీద ఎన్ని సెంట్ల స్థలం ఉందో, ఏ బ్యాంకుకి ఎంత బాకీ ఉన్నాడో, తన మీద ఎన్ని కేసులు నడుస్తున్నాయో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. దాన్ని ఫారం 26 అంటారు. సుప్రీంకోర్టు 2002లో ఒకసారి, 2003లో మరోసారి గట్టిగా చెబితే గానీ ఈ లెక్క చెప్పే అలవాటు రాలేదు. ఇంతటి అనుమానపు దేశం, "నేను ప్రస్తుతం చదువుతున్న పుస్తకం ఏంటంటే..." అని మొదలుపెట్టే మనిషిని మాత్రం ఒక్క కాగితం అడక్కుండా వదిలేసింది. ఈ అన్యాయం ఎంతకాలం?

అనుభవం మీద చెబుతున్నాను. విజయవాడ సత్యనారాయణపురంలో, రిటైరైన ఒక లెక్కల మాస్టారి ఇంటి వరండాలో, ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం పదకొండు మంది పుస్తకప్రియులం కలుస్తాం. పోయిన నెల ఏం చదివారు, ఇప్పుడేం చదువుతున్నారు అన్నది ఒక్కొక్కరూ చెప్పాలి. మనిషికి ఐదు నిమిషాలు. మాస్టారు చేతివాచీ విప్పి బల్ల మీద పెడతారు. లోపల్నుంచి ఉల్లిపాయ పకోడీల వాసన మొదలయ్యాక ఎవరూ ఐదు నిమిషాలు మాట్లాడరు, అది వేరే సంగతి.

ఇక్కడ కాస్త వ్యాకరణం అవసరం. తెలుగులో భూత, భవిష్యత్, వర్తమాన కాలాలే కాకుండా తద్ధర్మం అని ఒకటుంది. సూర్యుడు తూర్పున ఉదయించును, పక్షులు ఎగురును. అంటే ఎప్పుడూ ఉండేది, ఫలానా రోజు పూర్తయ్యే ప్రమాదం లేనిది. "చదువుతున్నాను" అనే మాట పైకి వర్తమానంలా కనిపిస్తుంది గానీ, మా వరండాలో అది శుద్ధ తద్ధర్మం. సూర్యుడు ఉదయించును. మేము చదువుచుందుము.

మా సభ్యుల్లో ఒక బ్యాంకు మేనేజరు గారున్నారు. పుస్తకం గురించి ఆయన చెబుతుంటే ఆడిట్ రిపోర్టు విన్నట్టుంటుంది. 412 పేజీలు, వెల 450, పది శాతం తగ్గింపు పోను 405, బైండింగు గట్టిదే. లోపల కథ ఏమిటని ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగితే మర్నాడు మమ్మల్నీ అడుగుతారని భయం.

డాక్టరమ్మ గారిది వేరే స్కూలు. ఆవిడ ముందుమాటలు మాత్రమే చదువుతారు. నవ్వకండి. తెలుగు కవిత్వం పుస్తకం పట్టుకుంటే ఇదెంత పెద్ద బాధ్యతో తెలుస్తుంది. ముందు ఆశీస్సులు, తర్వాత అభినందన, ఆ తర్వాత ఆప్తవాక్యం, ఊరు గర్వించదగ్గ బిడ్డ అంటూ ఇంకొకరి రెండు పేజీలు, చిట్టచివర కవి గారి "నా మాట". ఇవన్నీ దాటి మొదటి కవితకు చేరేసరికి ఓపిక అయిపోవడం మామూలే. ముందుమాట రాసిన పెద్దలే కవితల దాకా వెళ్లలేదని కొన్ని ముందుమాటలు చూస్తే తెలిసిపోతుంది. మరి డాక్టరమ్మ గారు వెళ్లలేదని తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇలాంటి పరిస్థితుల్లో ఎవరో ఒకరు ఆదర్శంగా నిలబడాలి కాబట్టి, మొట్టమొదటి అఫిడవిట్ నేనే దాఖలు చేస్తున్నాను.

స్థిరాస్తుల కింద 'వేయిపడగలు' ఒక ప్రతి. చరాస్తుల్లో ఎందుకు వేయలేదంటే, కొన్నప్పట్నుంచి అది అలమరలోంచి కదల్లేదు. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే, తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసిపెట్టారని చెబుతారు. దాన్ని పి.వి. నరసింహారావు గారు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు, అదీ రాష్ట్రంలో మంత్రిగా ఫైళ్లు చూసుకునే రోజుల్లో. నాకు మంత్రి పదవి లేదు. ఫైళ్లూ లేవు. నేను 112వ పేజీలో ఉన్నాను. పేజీ గుర్తు కోసం పెట్టుకున్నది మా మేనకోడలి పెళ్లి శుభలేఖలోంచి చింపిన ముక్క. ఆ మేనకోడలి కొడుకు ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు.

చరాస్తుల్లో ఒక చిన్న కథల సంపుటి ఉంది. అది నిజంగానే చరాస్తి. విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు నాతో ఆరుసార్లు వెళ్లి, ఆరుసార్లు తిరిగొచ్చింది. రైలు మధిర దాటేలోపు మొదటి కథలో మొదటి పేజీ అవుతుంది, ఖమ్మం వచ్చేసరికి నాకు నిద్ర వస్తుంది. ఆ మొదటి పేజీ నాకిప్పుడు కంఠతా వచ్చు. ఆ ఒక్క పేజీ పెట్టుబడిగా మా సభలో రెండు నెలలు నడిపాను.

అప్పుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి కొంచెం వణుకుతోంది. ఇతరుల పుస్తకాలు నాలుగు నా దగ్గర ఉన్నాయి. "పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతం" అని మన పెద్దలు ముందే తేల్చేశారు. ఆ మధ్యలోకి వనితను ఎందుకు లాక్కొచ్చారో ఆ శ్లోకం రాసినాయన్నే అడగాలి. మిగతా రెండింటి విషయంలో మాత్రం బాగా దెబ్బతిన్న మనిషని తెలుస్తూనే ఉంది. దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది, తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు రాసి పెట్టే ఇంకో శ్లోకం. అందులో పుస్తకమే నోరు తెరిచి మొరపెట్టుకుంటుంది. నూనె నుంచి నన్ను కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులైపోకుండా కాపాడు, మూర్ఖుడి చేతిలో మాత్రం పెట్టకు అని. అన్నిటికంటే ముందు నూనె పేరెత్తారంటే, ఆ రోజుల్లో కూడా పుస్తకప్రియుల సభల్లో పకోడీలు పెట్టేవారన్నమాట. డాక్టరమ్మ గారి దగ్గర తీసుకున్న నవలలో 43వ పేజీ ఇప్పుడు వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే 44వ పేజీని కూడా చూపిస్తుంది. ప్రతి నెలా ఆవిడ "అయిందాండీ?" అని అడుగుతారు. "చివర్లో ఉన్నానండీ" అంటాను. ఇద్దరం పకోడీల ప్లేటు వైపు చూస్తాం.

ఇక పెండింగ్ కేసులు. వీటి సంఖ్య చెప్పను, ఇంట్లోవాళ్లు కూడా ఇది చదువుతారు. సంక్రాంతి సెలవులకని కొన్నవి వేసవికి వాయిదా పడ్డాయి. వేసవిలో ఎండలు. అక్కడ్నుంచి అన్నీ కలిపి రిటైర్మెంటుకు పోస్టయ్యాయి.

ఈ అఫిడవిట్ మొత్తంలో నేను తలెత్తుకుని రాయగలిగిన గడి ఒక్కటే, పన్నులు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఏటా కడుతున్నాను, ఒక్క ఏడాది కూడా బాకీ లేదు. ఈ ఊరికి అదొక గౌరవం కూడా. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ బెజవాడలోనే, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ మీద ఊరూరా తిప్పారు. చదివేవాడు రాకపోతే పుస్తకమే వెళ్లాలి అనుకున్న మనుషులు వాళ్లు. నేనూ శాఖా గ్రంథాలయం ముందు రోజూ పొద్దున్నే స్కూటర్ ఆపుతాను. పక్కనే ఇడ్లీ బండి ఉంది.

ఈ మధ్య మా సభలో ఒక పెద్ద రాజ్యాంగ సంక్షోభం తలెత్తింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు కొత్తగా చేరాడు. ఒకే నెలలో నాలుగు పుస్తకాలు పూర్తి చేశానన్నాడు. వరండా అంతా నిశ్శబ్దం. మా సభ చరిత్రలో "పూర్తి చేశాను" అనే క్రియాపదం అదే మొదటిసారి వినడం. గట్టిగా నిలదీస్తే తేలిందేమిటంటే, వాకింగులో చెవులకు తగిలించుకుని ఒకటిన్నర రెట్లు స్పీడులో విన్నాడట. విన్నది చదివినట్టా? బ్యాంకు మేనేజరు గారు ససేమిరా అన్నారు, విన్నదానికి పేజీలెన్నో ఎలా తెలుస్తుందని. మాస్టారు మాత్రం మన జాతి మొత్తం వినే పెరిగిందన్నారు. పురాణ కాలక్షేపాలు, హరికథలు, బుర్రకథలు, అన్నీ చెవుల మీదుగా వచ్చినవే. అంతెందుకు, పరీక్షిత్తు మహారాజు భాగవతం మొత్తం ఏడు రోజుల్లో పూర్తి చేశాడు, వినే. ఇక్కడ నేను లేచి, ఆయనకు ఏడో రోజున తక్షకుడు వస్తాడనే గడువు ఉందని, ఆ సౌకర్యం మనకు లేదని సభ దృష్టికి తెచ్చాను. పాము కాటు ఖాయమైతే తప్ప ఎవరూ పుస్తకం పూర్తి చేయరన్నది సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కుర్రాడి నాలుగు పుస్తకాలను రెండుగా లెక్కగట్టి రాజీ చేశాం.

మమ్మల్ని మరీ అంత తీసిపారేయకండి. జనవరిలో పుస్తకాల పండగొస్తే మమ్మల్ని చూడాలి. పదకొండు రోజులూ అక్కడే ఉంటాం. పాతకాలం వాళ్లకు ఆ పండగంటే ఇప్పటికీ స్వరాజ్ మైదానమే గుర్తొస్తుంది. ఆ మైదానంలో ఇప్పుడు అంబేడ్కర్ గారి 125 అడుగుల విగ్రహం ఉంది. పుస్తకాలు పెట్టుకోవడానికే దాదర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. దారిన పోతూ తలెత్తి చూస్తే నాకు మాత్రం, 112వ పేజీ ఎప్పుడు దాటతావోయ్ అని అడుగుతున్నట్టే ఉంటుంది. పండగలో ప్రతి మైకులోనూ ఒకటే మాట వినబడుతుంది, చిరిగిన చొక్కా అయినా తొడుక్కో కానీ మంచి పుస్తకం కొనుక్కో అని, వీరేశలింగం గారి పేరు మీద. జాగ్రత్తగా వినండి. కొనుక్కో అనే ఉంది. చదువుకో అని లేదు. మేము ఆ మాటను అక్షరాలా పాటిస్తున్నాం. సంచి నిండా కొని, కవరు పేజీలు కనబడేలా మంచం మీద పరిచి ఫోటో తీసి గ్రూపులో పెడతాం. ఆ మంచం మీద ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న గొడవ ఇంటింటా ఉన్నదే.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న మా సభకు పోయిన నెల గండం వచ్చింది. అది మాస్టారి తల్లి రూపంలో వచ్చింది. ఆవిడకు ఎనభై ఆరేళ్లు.

బ్యాంకు మేనేజరు గారు మాటల్లో, అరవైల్లో ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ ఒకదాన్ని తలుచుకుని "అలాంటి నవల మళ్లీ రాలేదండీ" అన్నారు. పేరు చెప్పను, చెబితే మీరూ చదివామంటారు. పదకొండు తలకాయలూ ఒకేసారి ఊగాయి. డాక్టరమ్మ గారు "ఆ హీరోయిన్ క్యారెక్టర్!" అని కళ్లు మూసుకున్నారు. నేను "అబ్బ, ఆ ముగింపు!" అన్నాను.

లోపల పకోడీల చప్పుడు ఆగింది. పెద్దావిడ నెమ్మదిగా గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఒక బైండు పుస్తకం పెట్టుకుంది. వారం వారం పత్రికలోంచి చింపి, దాచి, కుట్టించిన సీరియల్. వీపుకి నీలం గుడ్డ అంటించి ఉంది, అట్ట మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. పేజీ తిప్పితే కథ అయిపోయిన చోట సగం తలనూనె ప్రకటన, ఇంకో చోట ఎవరో సిరా పెన్నుతో సగం నింపి వదిలేసిన పదబంధ ప్రహేళిక. పేజీల అంచులు వేళ్లు పడే చోట మాత్రమే నల్లబడి ఉన్నాయి.

"మీరంతా చదివినవాళ్లు, నాకొక్కటి చెప్పండి బాబూ" అంది. "ఇందులో పదిహేడో వారం లేదు. వీడే," అని మాస్టారిని చూపించి, "రెండో క్లాసులో ఉన్నప్పుడు చింపి, వానలో పడవ చేసి వదిలాడు."

మాస్టారు తలొంచుకున్నారు. ఆంధ్రదేశంలో రెండో పడవ గ్రంథాలయం నడిపిన ఘనత వారిదని మాకు అప్పటిదాకా తెలీదు.

"పదహారో వారంలో ఆ పిల్ల అందరితోనూ తెగతెంపులు చేసుకుని రైలెక్కింది. పద్దెనిమిదో వారం తీసేసరికి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఎవరి మీదా కోపం లేదు, ఎవరూ ఏమీ అడగరు. ఎన్నిసార్లు చదివానో, మధ్యలో ఏం జరిగిందో అరవై ఏళ్ల నుంచి అర్థం కాదు. ఎవరొచ్చి తీసుకొచ్చారు? తనే దిగిపోయిందా?"

బల్ల మీద మాస్టారి వాచీ చప్పుడు వినబడింది. బ్యాంకు మేనేజరు గారు అది డెమీ సైజులో 230 పేజీలు ఉండొచ్చన్నారు. డాక్టరమ్మ గారు ముందుమాటలో ఆ ప్రస్తావన ఉన్నట్టు గుర్తు అని మొదలుపెట్టి, సీరియల్‌కి ముందుమాట ఉండదని మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయారు. కుర్రాడు ఫోనులో వెతికి, ఆడియో లేదని తల అడ్డంగా ఊపాడు. ఇక అందరూ నా వైపు చూశారు. నేను అలవాటు కొద్దీ, "నేను చివర్లో ఉన్నానమ్మా" అన్నాను.

"చివర నాకూ తెలుసు బాబూ, మధ్యలోది చెప్పు" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆవిడ మా అందరినీ ఒకసారి చూసి, "పోనీలే, తొందరేముంది, చదివినవాళ్లు కదా, గుర్తొచ్చాక వచ్చే నెల చెబుదురు గానీ" అని లేచి లోపలికి వెళ్లింది.

వచ్చే నెల సభ మా ఇంట్లో పెట్టుకుందామని డాక్టరమ్మ గారు ఎందుకో చాలా గట్టిగా పట్టుబట్టారు.