ముసలివాళ్లకు ఎవరు చేయాలి? డెబ్బై ఏళ్లుగా అడుగుతున్న జపాన్ సినిమా

‘పర్‌ఫెక్ట్ డేస్’ ఓటీటీలోకి వచ్చాక జపాన్ సినిమా మనవాళ్లకు నిద్రమాత్రలా తయారైంది. ఆకుల మధ్య నుంచి పడే ఎండ, వ్యాన్‌లో పాత క్యాసెట్ పాట, పొద్దున్నే పరుపు మడతపెట్టి మొక్కలకు నీళ్లు చల్లే మనిషి. ఈ ముక్కలన్నీ కలిపి రీల్స్ చేసి, టెన్షన్‌గా ఉంటే ఇది చూడండి అని పంచుకుంటున్నారు. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే మాట: అక్కడివాళ్లు ఎంత ప్రశాంతంగా బతుకుతున్నారో!

ఈ చూపు తప్పని నా గట్టి అభిప్రాయం. జపాన్ వాళ్ల రోజువారీ బతుకు మీద వచ్చిన గొప్ప సినిమాలు మన మనసుకు విశ్రాంతినివ్వడానికి తీసినవి కావు. ఇంట్లో గది ఎవరికుంది, సెలవు ఎవరికి దొరుకుతుంది, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, మంచాన పడ్డవాళ్లకు ఎవరు చేస్తారు? ఆ సినిమాల కథలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు ‘పర్‌ఫెక్ట్ డేస్’ సంగతే చూద్దాం. టోక్యోలోని షిబుయా ప్రాంతంలో పేరున్న ఆర్కిటెక్టులతో 17 పబ్లిక్ టాయిలెట్లు కట్టించారు. వాటి మీద ఏదైనా తీయమని జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్‌ను పిలిస్తే చివరికి ఈ సినిమా తయారైంది. టాయిలెట్లు కడిగే హిరయామాగా నటించిన కోజి యకుషోకు 2023లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఆ టాయిలెట్లు అంత శుభ్రంగా ఎందుకున్నాయో, టోక్యోలో రైల్వే స్టేషన్ పక్కనుండే మామూలు మరుగుదొడ్డి ఒక్కటీ తెర మీదకు ఎందుకు రాలేదో ఆ పిలుపును బట్టే తెలుస్తుంది. అయినా యకుషో ఒక సీన్‌లో నిజం చెప్పాడు. తోటి కుర్రాడు ఉన్నట్టుండి పని మానేస్తాడు, వాడి వాటా పని కూడా హిరయామా నెత్తిన పడుతుంది. ఆ రాత్రి ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, రోజూ ఇలా నావల్ల కాదు, ఎవరినైనా పంపండని అరుస్తాడు. సినిమా మొత్తంలో ఆయన గొంతు లేచేది అక్కడే. రీల్స్‌లో ఆ ముక్క ఎక్కడా కనబడదు.

హిరయామా అన్న ఇంటిపేరు యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’లోని కుటుంబానిది. ఆ సినిమా కథ చాలామందికి తెలిసిందే. ఒనోమిచి అనే చిన్న ఊరి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వస్తారు. పిల్లలకు తీరిక ఉండదు. తిరిగి వెళ్లాక తల్లి చనిపోతుంది. మనవాళ్లు దీన్ని కన్నవాళ్లను పట్టించుకోని పిల్లల కథగా చెప్పుకుంటారు. ఇంతకంటే అన్యాయమైన మాట ఉండదు. ఓజు అందులో ఎవర్నీ విలన్ చేయలేదు, ఇళ్ల కొలతలు చూపించాడు.

పెద్దకొడుకు కోయిచి పిల్లల డాక్టరు. ఊళ్లో తల్లిదండ్రులు గొప్పగా చెప్పుకునే కొడుకే. తీరా చూస్తే అతని క్లినిక్ టోక్యో శివారులో, ఉండే ఇంట్లోనే. తాత, నానమ్మ వస్తున్నారని పెద్ద మనవడి బల్లను అక్కణ్నుంచి జరిపేస్తారు. వాడు స్కూలు నుంచి రాగానే తల్లితో గొడవ పెట్టుకుంటాడు: నేనెక్కడ చదువుకోవాలి? సినిమాలో మొదటి తగాదా ఒక బల్ల గురించి! రెండో ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికా ఆక్రమణ ముగిసి రెండేళ్లయినా కాకుండానే, బాంబుదాడుల్లో కాలిపోయి మళ్లీ లేస్తున్న నగరంలో ఒక డాక్టరు ఇంట్లో కూడా ఇద్దరు మనుషులు అదనంగా పడుకోవడానికి చోటు లేదు. ఓజు ఈ సంగతి ఎవరి చేతా చెప్పించలేదు, బల్లను జరిపి చూపించాడు.

కూతురు షిగే ఇంట్లోనే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. అత్తమామలకని భర్త మంచి కేకులు తెస్తే, ఇంత ఖరీదైనవి ఎందుకని సణుగుతుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ డబ్బులు వేసుకుని తల్లిదండ్రుల్ని అతామిలోని వేడినీటి బుగ్గల దగ్గరకు పంపిస్తారు. తమ ఇళ్లలో ఉంచుకోవడం కంటే అదే సులువు మరి. ఆ సత్రంలో రాత్రంతా ఆటలూ పాటలూ, కేకలు. నిద్ర పట్టక ముసలివాళ్లు అనుకున్నదాని కంటే ముందే తిరిగొస్తారు. ఆ రాత్రే షిగే ఇంట్లో పార్లర్ల వాళ్ల మీటింగ్ ఉంది, చోటు లేదు. చివరికి మనకు ఇల్లే లేకుండా పోయిందని తండ్రి నవ్వుతూనే అంటాడు. షిగే ఆ మీటింగ్ ఎందుకు రద్దు చేసుకోలేదని కోప్పడే ప్రేక్షకులు, ఆమె సంసారం ఆ పార్లర్ మీద నడుస్తోందన్న సంగతి మర్చిపోతారు.

యుద్ధంలో చనిపోయిన రెండో కొడుకు భార్య నోరికో ఒంటిగది వాటాలో అద్దెకుంటుంది. సెత్సుకో హారా వేసిన పాత్ర. అత్తమామలకు బస్సులో ఊరు చూపించడానికి ఆఫీసులో సెలవు అడిగి తీసుకుంటుంది. వాళ్లను గదికి తీసుకొచ్చాక మామగారికి పోయడానికి ఇంట్లో ‘సాకే’ (బియ్యంతో చేసే మద్యం) లేక పక్కింట్లో అడిగి తెస్తుంది. చోటు, సెలవు, డబ్బు అందరికంటే తక్కువున్న మనిషే అందరికంటే ఎక్కువ ఇస్తోంది. విమర్శకులు డెబ్బై ఏళ్లుగా దీన్ని ఆమె మంచితనమని పొగుడుతున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కన్నకొడుకు, కన్నకూతురు ఉండగా భర్త పోయి ఎనిమిదేళ్లయిన కోడలి మీదే ఈ పని ఎందుకు పడాలి? ఓజుకు ఈ ప్రశ్న తెలుసు. అందుకే చివర్లో మామగారు మెచ్చుకున్నప్పుడు ఆమె ఒప్పుకోదు. మీరనుకున్నంత మంచిదాన్ని కాదు, ఆయన గుర్తుకు రాని రోజులు కూడా ఉన్నాయి, ఏదో జరగాలని మనసు ఎదురుచూస్తోందని ఏడుస్తుంది. మంచి కోడలన్న బిరుదును చేతులారా తోసేసుకున్న ఆ నిమిషం ప్రపంచ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టం. మామగారికి ఆమె మాట అర్థమవుతుంది. మళ్లీ పెళ్లి చేసుకోమని చెప్పి, భార్య గడియారం ఆమెకిస్తాడు.

అదే ఓజు 1959లో తీసిన ‘గుడ్ మార్నింగ్’ను పిల్లల కామెడీ అంటారు. టీవీ కొనలేదని ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడటం మానేస్తారు, అంతవరకే అందరికీ గుర్తుంటుంది. అందులో మహిళా సంఘం చందా డబ్బు లెక్క తేలదు. సరిగ్గా అప్పుడే సంఘం పెద్ద ఇంటికి కొత్త వాషింగ్ మెషీన్ వస్తుంది, వీధంతా గుసగుసలు మొదలవుతాయి. ఇంకో ఇంట్లో రిటైరైన పెద్దమనిషి పని కోసం తిరిగి తిరిగి చివరికి ఎలక్ట్రిక్ సామాన్లు అమ్మే పనిలో చేరతాడు. పిల్లల తండ్రి టీవీ కొనేది ఆయన దగ్గరే. పిల్లల మంకుపట్టు ఎంత కారణమో, రిటైరయ్యాక బతుకు ఎలా గడుస్తుందన్న భయం కూడా ఆ టీవీ వెనక అంతే ఉంది.

ఇలా జమాఖర్చులు చూస్తే ఆ సినిమాల్లోని కవిత్వం పోతుందని కొందరు మిత్రులు వాదిస్తారు. ఓజు చూపించింది ఏ దేశంలోనైనా తప్పని విషాదమట, పిల్లలు పెరుగుతారు, పెద్దలు పోతారు, అంతే అంటారు. నేల మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి, ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య ఖాళీ గదినో రైలు పట్టాలనో చూపించే పద్ధతిలో గొప్ప నిదానం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ తప్పని విషాదం అన్నాక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. జపాన్ వాళ్లు అలా ఊరుకోలేదు.

ఇరవై ఏళ్లు ముందుకు రండి. సవాకో అరియోషి 1972లో ఒక నవల రాసింది. మతి పూర్తిగా తప్పిన మామగారిని, ఉద్యోగం చేసుకునే కోడలు అకికో చూసుకునే కథ అది. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాదే షిరో తొయోద సినిమాగా తీస్తే హిదెకో తకమినె ఆ కోడలి పాత్ర వేసింది. ముసలాయన కన్నకొడుకును గుర్తుపట్టడు, కోడల్ని గుర్తుపడతాడు. రాత్రిళ్లు లేవాల్సింది ఆమే, వీధిలోకి వెళ్లిపోతే వెతుక్కురావాల్సింది ఆమే, పొద్దున ఆఫీసుకు పోవాల్సిందీ ఆమే. కోడళ్లు ఇళ్లలో నోరు మూసుకుని మోస్తున్న బరువు గురించి దేశమంతా బయటికి మాట్లాడుకుంది.

2000 ఏప్రిల్ నుంచి జపాన్‌లో వృద్ధుల సంరక్షణకు ప్రభుత్వ బీమా అమల్లోకి వచ్చింది. 40 ఏళ్లు దాటినవాళ్లంతా ప్రీమియం కట్టాలి. ఖర్చులో సగం ఆ ప్రీమియాల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. 65 దాటిన మనిషికి ఎంత సాయం కావాలో స్థానిక మున్సిపాలిటీ తేలుస్తుంది. దాన్నిబట్టి ఇంటికొచ్చి స్నానం చేయించే మనిషో, పగలంతా ఉంచుకునే కేంద్రమో దొరుకుతాయి. కుటుంబం కట్టేది ఖర్చులో కొంత భాగమే. ఒక నవల, ఒక సినిమా వల్లే ఇదంతా జరిగిందని నేను అనడం లేదు. వంటింట్లో దాగిన ప్రశ్నను బజారులోకి తెచ్చిన గొంతుల్లో అవి ముందున్నాయి.

చట్టంతో అంతా సర్దుకుపోలేదు, సినిమా కూడా వదల్లేదు. 2010లో టోక్యోలోని అడాచి వార్డులో, రికార్డుల ప్రకారం 111 ఏళ్లున్న పెద్దాయన ముప్పై ఏళ్ల కిందటే చనిపోయాడని, కుటుంబం ఆయన పింఛను తీసుకుంటూనే ఉందని బయటపడింది. ఇలాంటి వార్తల్లోంచే హిరోకాజు కొరెయెడ ‘షాప్‌లిఫ్టర్స్’ తీశాడు. నాయనమ్మ పింఛను మీద ఇల్లు గడుస్తుంటుంది, ఆమె చనిపోతే ఇంటి కిందే పూడ్చిపెడతారు. లాండ్రీలో పనిచేసే నొబుయో, ఆమె తోటి పనిమనిషి, ఇద్దరిలో ఎవరు మానేస్తారో మీరే తేల్చుకోండని యజమాని వదిలేసే సీన్ మర్చిపోలేనిది. 2018లో దానికి కాన్‌లో అత్యున్నత బహుమతి వస్తే, దేశం పరువు తీశాడని జపాన్‌లోనే కొందరు తిట్టిపోశారు. ప్రభుత్వం అభినందిస్తానంటే, అధికారానికి దూరంగా ఉండటమే మేలని కొరెయెడ వద్దన్నాడు.

ఇక చియే హయకావా 2022లో తీసిన ‘ప్లాన్ 75’. డెబ్బై అయిదు దాటినవాళ్లు కోరుకుంటే ప్రభుత్వమే ప్రాణం తీసే పథకం పెట్టిందని ఊహించిన కథ. హోటల్ గదులు ఊడ్చే 78 ఏళ్ల మిచి పాత్రలో చియెకో బైషో నటించింది. ‘తోరా-సాన్’ సినిమాల్లో 1969 నుంచి తోరాకు చెల్లెలిగా, దేశం మొత్తానికి ఇంటి ఆడపడుచులా కనిపించిన నటి ఆమె. అలాంటి మనిషి పని పోయి, పని లేదు కాబట్టి అద్దె ఇల్లు దొరక్క, చివరికి ఆ పథకానికి ఫోన్ చేస్తుంటే జపాన్ ప్రేక్షకుడికి ఎంత కోత పెట్టి ఉంటుందో! దేశంలో 65 దాటినవాళ్లు దాదాపు 29 శాతం. వాళ్లకది దూరపు భయం కాదు.

మన సంగతి ఏమిటి? 2022 అక్టోబర్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది, గర్వపడ్డాం. మన పులులనూ వంతెనలనూ వాళ్లు చూశారు. వాళ్ల ఇళ్లను మనం ఇంకా సరిగ్గా చూడలేదు. 2023లో వచ్చిన ‘బలగం’ మనింటి కథ ఎంత బలంగా పలుకుతుందో నిరూపించింది. చావు తర్వాతి పదకొండు రోజులు, ముట్టని కాకి, తెగిపోయిన బంధాలు చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. కానీ చావుకు ముందు మంచాన గడిచే ఏళ్లు మన తెర మీద దాదాపు కనబడవు. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో ఉంటే తెనాలిలోనో కరీంనగర్‌లోనో తల్లికి డైపర్ మార్చేదెవరు? ఒక కోడలు, లేదా నెల జీతానికి వచ్చే ఇంకో పేదింటి కోడలు.

ఇదే ప్రశ్నకు మన దేశం ఇచ్చిన జవాబు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం. ఆర్డీఓ దగ్గర పిటిషన్ పెడితే పిల్లల చేత డబ్బు ఇప్పిస్తారు, నెలకు పదివేలకు మించకుండా. జపాన్ ఈ బరువును సమాజం మొత్తానికి పంచితే, మనం మళ్లీ పిల్లల మీదే పెట్టి కేసు నంబరు ఇచ్చాం. ఎన్నికలొస్తే పింఛను ఎంత పెంచుతారన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 అయింది, మంచిదే. ఆ డబ్బుతో మందులొస్తాయి, అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టే మనిషి రాదు. ఆ మనిషికి శిక్షణ, జీతం, వారానికి ఒక సెలవు మున్సిపాలిటీ బడ్జెట్‌లో ఉండాలి. అందుకోసం నలభై దాటిన ఉద్యోగుల జీతాల్లోంచి నెలనెలా కొంత కోయాలని ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో రాస్తే, ముందు నా జీతంలోంచే కోయమని అడుగుతాను.