డీజిల్ మీద పేరు రాయలేం కదా సార్

మొన్న గుంటూరులో ఓ ట్రస్టు ఆసుపత్రికి ఒక మహానుభావుడు డయాలసిస్ మిషన్ దానమిచ్చాడు. ఏ ఆసుపత్రి అని అడక్కండి, పేదోళ్లకి వైద్యం చేసి అప్పులపాలైంది అదొక్కటే కాదు.

శిలాఫలకం మీద ఎవరి అక్షరాలు పెద్దవిగా ఉండాలన్న పంచాయితీతో గంటన్నర గడిచింది. ఫొటో కోసం ఒక పెద్దాయన్ని ముందే మంచమెక్కించి పడుకోబెట్టారు. "తాతా, కాస్త నవ్వు" అన్నాడు ఫొటోగ్రాఫర్. రెండు కిడ్నీలూ పోయిన మనిషి, పాపం, నవ్వాడు. సరిగ్గా రిబ్బన్ కత్తిరించే వేళకి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, దాని మీద ఇంకో దాత పేరు ఎర్ర రంగుతో నిగనిగలాడుతోంది, లోపల మాత్రం డీజిల్ లేదు. "దాతగారి కారులోంచి పైపేసి లాగమంటారా సార్?" అని వార్డుబాయ్ అడిగితే అందరూ జోకనుకుని చప్పట్లు కొట్టారు. తాత ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

ఒక్కసారి డయాలసిస్ చేయాలంటే దాదాపు 4 గంటలు కరెంటుండాలి, వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, పక్కనే టెక్నీషియన్ ఉండాలి. ఇవన్నీ వారానికి రెండు మూడుసార్లు. వీటికి దాతలు దొరకరు, ఎందుకంటే నీళ్ల మీద పేరు చెక్కలేం. కాబట్టి నా సవినయ ప్రతిపాదన ఏమిటంటే, డీజిల్ పోయించినవారి పేరు జనరేటర్ ఆన్ చేసినప్పుడల్లా మైకులో చెబుదాం, నర్సు జీతమిచ్చినవారి ఫొటో ఆమె చీరకి పిన్ను పెడదాం, కాలు విరిగినవాడి సిమెంటు కట్టు మీద ఎలాగూ బోలెడంత ఖాళీ ఉంటుంది.

ఇదే గుంటూరుకి 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం మొదలుపెట్టి, అమెరికాలోని లూథరన్ చర్చి మహిళలు పోగుచేసిన డబ్బుతో 1898కి ఆసుపత్రి నిలబెట్టింది. 1930లో ఈ ఊళ్లోనే పోయింది. ఆసుపత్రికి ఆవిడ పేరు పెట్టింది తర్వాతివాళ్లు. ఏలూరు జమీందారు భుజంగరావుగారు కృతజ్ఞతగా ఆ ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకి సత్రం కట్టించారు. రోగి వెంట వచ్చినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారన్న ఆలోచన ఆ రోజుల్లో జమీందారుకి వచ్చింది, ఇవాళ ఫ్లెక్సీలో దండం పెడుతున్న ఒక్కడికీ రాదు.

దాతల్ని అని ఏం లాభం లెండి, సర్కారువారు ఇంకా ఘనులు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రులకి సర్కారు ఇవ్వాల్సిన బకాయిలు మాత్రం ఏ పేరు పెట్టినా బకాయిలే. 2025 అక్టోబరులో ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలే ఆపేశాయి. కార్పొరేటువాడు ఆ లోటు డబ్బున్న పేషెంట్ల దగ్గర రాబట్టుకుంటాడు. ట్రస్టు ఆసుపత్రి ఎవర్ని పిండాలి, ఆ తాతనా? నెలల తరబడి జీతం లేకుండా నైట్ డ్యూటీ చేస్తున్న నర్సు మీకు కనబడదా? వైద్యం అయిపోయింది, మనిషి బతికి ఇంటికెళ్లాడు, బిల్లు మాత్రం ఇంకా పరిశీలనలో ఉందంటారు, సిగ్గుండాలి! పథకం పేరు మారినప్పుడల్లా బోర్డులకి రంగులేయించే డబ్బులు మాత్రం ఎప్పుడూ బకాయి పడలేదు.