సవరణ: సవర భాషకు లిపి లేదన్నది తప్పు

పోయిన వారం పోస్టులో ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లోని సవర గిరిజనుల భాష గురించి ‘సవరకు లిపి లేదు, అందుకే ఏఐకి ఆ భాష రాదు’ అని రాశాను. లిపి లేదన్నదీ తప్పే, ఏఐకి రాకపోవడానికి కారణం అదేనన్నదీ తప్పే. సవరలకు దగ్గరగా, పర్లాకిమిడిలో ఉంటూ ఇలా రాసినందుకు సవరలందరినీ క్షమించమని అడుగుతున్నాను.

మంగయ్ గొమాంగో 1936లోనే సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. (మా ఊరు ఒడిశాలో కలిసిన ఏడాదే.) 2012లో అది యూనికోడ్‌లోకీ (కంప్యూటర్లలో అక్షరాలు రాయడానికి వాడే ప్రామాణిక పట్టికలోకీ) వచ్చింది. తెలుగు, ఒడియా, రోమన్ లిపుల్లో సవర రాసేవాళ్లూ ఉన్నారు.

కొరత లిపికి కాదు, డేటాకి. ఏఐ వ్యాకరణ సూత్రాలు వల్లించి భాష నేర్చుకోదు. కోట్లాది వాక్యాలు చూసి, ఏ మాట వెంట ఏ మాట వస్తుందో పట్టుకుంటుంది. తెలుగు రాత నెట్ నిండా ఉంది. సవర ఎక్కువగా కొండ ఊళ్లలో, జనం నోళ్లలో ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. అంతటి శ్రమ కూడా ఈ యంత్రాల ఆకలికి పిడికెడే.

‘లిపి లేదు’ అంటే లోపం ఆ భాషదే అన్నట్టవుతుంది. నన్ను బాధించింది అదే. కావలసింది సవరల గొంతుల రికార్డింగులు, అదీ వాళ్ల ఒప్పుదలతో, వాళ్లకు తగిన కూలి ఇచ్చి. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.