లంకమల కింద మొక్కలు నాటొద్దు

వానలు మొదలైతే చాలు, కడప జిల్లాలో బోడిగా కనిపించిన ప్రతి గుట్ట కిందా గుంతలు తీయాలని ఉబలాటం. లంకమల దగ్గర మాత్రం ఆ పారలు పక్కన పెట్టాలి. అక్కడ కొండ దిగువన ఉన్న కంప అడవి కలివికోడి అనే అరుదైన పిట్ట బతికే నేల.

1900 నుంచి జాడలేని పిట్ట 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరకడం, ఆ తర్వాత అభయారణ్యం, ఆ పిట్ట నేలమీదుగా తెలుగుగంగ కాలువ తవ్వకంపై గొడవ అందరికీ తెలిసినవే. ఎవరూ పట్టించుకోనిది పొదల లెక్క. ఈ పిట్ట ఎక్కువగా తిరిగే చోట రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, చిన్నవి వెయ్యి లోపు ఉంటాయని పరిశోధకులు తేల్చారు. 500 పొదలనుకుంటే పొదకూ పొదకూ సుమారు నాలుగున్నర మీటర్ల ఎడం. ఇది రాత్రిపూట నేలమీద పరుగెత్తి పురుగులు ఏరుకునే పిట్ట. పరుగుకు బయలు కావాలి, దాక్కోవడానికి పొద కావాలి. మూడు మీటర్లకొక మొక్క నాటితే హెక్టారుకు 1,100 అదనం. ఇక బయలెక్కడ? కట్టెలకోసం పొదలన్నీ నరికినా పిట్ట పోతుంది, మేకల్ని పూర్తిగా ఆపేసి రేగు, కలివి అల్లుకుపోనిచ్చినా పోతుంది.

నాటేముందు పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. పొదల మధ్య ఐదు మీటర్ల పొడవున సన్నమట్టి పరిచి, సాయంత్రం చదును చేసి, తెల్లారి అడుగులు చూడాలి. కలివికోడికి వెనకవేలు లేదు, మూడే వేళ్లు. చితవ పిట్ట అడుగులతో పొరబడే ప్రమాదముంది కాబట్టి కొలతలు తీయాలి, అక్కడే కెమెరా కట్టాలి. వాన పడితే ఆ రాత్రి లెక్క పోయినట్టే. పొద్దు గూకిన ముప్పావు గంటకు కూత మొదలై ఇరవై నిమిషాల్లోపే ఆగిపోతుంది. ఆలస్యంగా వెళ్లినవాళ్లు 'ఏమీ లేదు' అని రాసుకొస్తారు.

మేకలు తోలితే అడవి మిగలదనేవాళ్ల భయం అబద్ధం కాదు. మందలు మితిమీరితే పొద తిరిగి లేవదు. అందుకని పొదలు లెక్కపెట్టి మందల సంఖ్య తేల్చాలి గానీ, కంచె వేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

అసలు తగులాటం కాగితాల్లో ఉంది. చెట్ల నీడ 10 శాతం లోపు ఉంటే సర్కారు అడవి నివేదికలో ఆ నేల 'స్క్రబ్', అంటే ఉత్త పొదల నేల. అది అడవి విస్తీర్ణంలోకి రాదు. రెవెన్యూ వాళ్లకు ఇలాంటి నేల బంజరు, పోరంబోకు. కొండమీద ఎర్రచందనానికి టన్ను లెక్కన ధర ఉంది కనుక కాపలా ఉంది. కింది కంపకు ధరా లేదు, కాపలా అంతంతమాత్రం.

అభయారణ్యమని పేరు పెట్టినంత మాత్రాన పిట్ట మిగలదు, కర్నూలు వైపు రోళ్లపాడును చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లు కేటాయించారు. చుట్టూ మెట్టచేలు కాలువ నీళ్లతో మాగాణిగా మారాయి. పిట్టకు కావలసిన పచ్చికబయలు, జొన్న, సద్ద చేలు తగ్గిపోయాయి. అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి రైతుల పైర్ల మీద పడ్డాయి, ఊళ్లకు ఆ పిట్ట పేరంటేనే కోపమొచ్చింది. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటమే గగనం.