ఫేడ్ గారికి, వారి తమ్ముడు సింక్ గారికి

మహారాజశ్రీ ఇంగ్లీషు క్రియలు ఫేడ్, సింక్ గార్ల సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నా కుశలం మీవల్లే పాడైంది. ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషు వాక్యాల్ని ఫ్రెంచిలోకి మార్చడం హోంవర్కు.

మొన్న 'నా నీలం చొక్కా ఫేడ్ అయింది' అనే వాక్యం వచ్చింది. డిక్షనరీలో తమ పేరు కింద మాటలు గుంపుగా ఉన్నాయి. వాటిలో చెవికి ఇంపుగా ఉందని 'సేవనుయీర్' ఎత్తి రాశాను. టీచరు గారు చదివి, "అయ్యో, నీళ్లు చల్లి లేపారా మరి?" అన్నారు. నా చొక్కా మూర్ఛపోయిందట!

చొక్కా వెలిస్తే 'స దెకొలొరే' అనాలట. ఆ రంగు వదిలి పక్క బట్టకి అంటుకుంటే 'దెతేంద్ర్'. సావాసం వల్ల ఒకరి గుణం ఇంకొకరికి అంటినా అదే మాట. పువ్వు వాడితే 'స ఫానే'. జ్ఞాపకం మసకబారితే 'సెస్తోంపే'. దీని మీద నాకు మనసైంది. ఎస్తోంప్ అంటే బొమ్మలేసేవాళ్లు బొగ్గు గీతల్ని రుద్ది పలచన చేసే కాగితపు చుట్ట. జ్ఞాపకాన్ని ఎవరో దానితో మెల్లగా రుద్దుతున్నారన్నమాట. మీ నీడన పడి ఇన్నాళ్లూ ఇది నా కంట పడనేలేదు.

పోనీ తమరే ఉన్నపళంగా ఫ్రెంచిలోకి దిగుదామంటే, అవే అక్షరాలతో అక్కడ ఇంకొకరు కూర్చున్నారు. 'ఫాద్' అంటారు. అర్థం: చప్పిడి.

ఇక తమ్ముడుగారు. ఓడ మునిగితే 'కూలే'. తెలుగు చెవికి సరిగ్గానే ఉంది, కూలింది అనుకున్నాను. తీరా ముక్కు కారినా కూలేనే! బురదలో కూరుకుపోతే 'సాంఫోన్సే', నేల కుంగితే 'సాఫెసే', నిద్రలోకో దిగుల్లోకో జారితే 'సోంబ్రే'. ప్యారిస్ నగర చిహ్నంలో ఓడ ఉంది. దాని కింద లాటిన్ నినాదాన్ని 1853లో అప్పటి ప్యారిస్ పాలనాధికారి ఓస్మాన్ అధికారికం చేశాడు: అలలకు ఊగుతుంది గానీ మునగదు. ఫ్రెంచిలో చెప్పేటప్పుడు అక్కడ సోంబ్రేనే వాడతారు. ఊరి పరువుకి ముక్కు కారే క్రియ ఏం బాగుంటుంది?

అసలు నా కడుపుమంట వేరు. వెలవడం, వాడడం, మసకబారడం, కుంగడం, కూరుకుపోవడం... ఈ తేడాలన్నీ మా నాయనమ్మ ఏ డిక్షనరీ చూడకుండా పాటించేది. తెలుగులోంచి నేరుగా వెళ్తే సగం దారి నడిచినట్టే. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో ఫ్రెంచీ తెలుగూ మీ పూచీకత్తు లేకుండానే ఇరుగుపొరుగుగా బతికాయి. నాకు మాత్రం మధ్యలో దళారీలు మీరే. కమిషన్ కింద అర్థాలు కొట్టేస్తున్నారు.

పొద్దు గుంకుతోంది, ఉంటాను. దీనికీ తాను సరిపోతానని తమ్ముడుగారు లేచి వస్తారేమో, వద్దనండి. ఫ్రెంచివాళ్ల సూర్యుడు మునగడు, పడుకుంటాడు.

ఇట్లు,
మూర్ఛపోయిన చొక్కా తాలూకు మనిషి