యాభై కిలోమీటర్లేగా మావా!

దూరపు నడకకు పేరిచ్చే నిర్ణయం ఎవరూ నిలబడి తీసుకోరు. కూర్చునే తీసుకుంటారు, అదీ ఏదో ఒకటి తింటూ. విశాఖ బీచ్ రోడ్డు గట్టు, చేతిలో మురీ మిక్చర్ పొట్లం, ఎదురుగా సముద్రం, పక్కన చిన్ననాటి స్నేహితుడు. ఫోనులో ఎవరో పంపిన ప్రకటన: ఒక మంచి పనికి విరాళాలు పోగుచేసేందుకు 50 కిలోమీటర్ల నడక, గడువు 24 గంటలు. "యాభయ్యేగా మావా! రోజూ ఆఫీసులో అంత తిరగమేటి?" అంటాడు వాడు. తిరగం. ఆఫీసులో మహా తిరిగితే రెండు మూడు కిలోమీటర్లు, అందులో సగం టీ బండి దాకా. కానీ పొట్లం ఖాళీ అయ్యేలోపు ఇద్దరి పేర్లూ నమోదైపోతాయి.

ఇలాంటి నడకల్లో పేరుమోసినది ట్రెయిల్‌వాకర్. 1981లో హాంగ్‌కాంగ్‌లో గూర్ఖా సైనికులకు శిక్షణగా మొదలైంది. మెక్లహోజ్ ట్రెయిల్ అనే కొండదారిలో 100 కిలోమీటర్లు, నలుగురేసి జట్టు. 1986లో మామూలు జనాన్నీ రానిచ్చారు. తర్వాత దేశాలు తిరిగి మన దగ్గరికీ వచ్చింది: నూరు కిలోమీటర్లైతే 48 గంటల గడువు, అంత ఓపిక లేనివాళ్లకు యాభై కిలోమీటర్లు. గూర్ఖాలు కొండల్లో పుట్టి పెరిగినవాళ్లు. మనం లిఫ్టు ఆగిపోతే వాచ్‌మన్‌కు ఫోన్ చేసేవాళ్లం. ఈ తేడా గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ముందు ఒక లెక్క. సగటు మనిషి కిలోమీటరుకు వేసే అడుగులు దాదాపు 1,350. యాభైకి 67 వేల పైచిలుకు. అంటే ఒక్కో పాదం 33 వేలసార్లు నేలను తాకుతుంది. మామూలు రోజున సాక్సులో చిన్న ముడత ఉన్నా తెలియదు. 33 వేలసార్లు అదే చోట రుద్దితే అది ముడత కాదు, ఆకురాయి. పేరిచ్చిన కొత్తలో అందరూ ఊపిరి గురించి, మోకాళ్ల గురించి, గుండె గురించి బెంగపడతారు. సాక్సు గురించి ఎవరూ బెంగపడరు. దారిలో ఆగిపోయిన చాలామందిని చివరికి ముంచింది అదే.

శిక్షణకు పదహారు వారాలు కావాలి. వారంలో మూడు రోజులు ఐదారు కిలోమీటర్లు, ఆదివారం పెద్ద నడక. ఆ పెద్ద నడక 10తో మొదలుపెట్టి వారానికి 2 చొప్పున పెంచుకుంటూ పోవాలి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించాలి. కండరాలు తొందరగా దారికొస్తాయి గానీ వాటిని ఎముకకు కట్టిపడేసే స్నాయువులకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తగ్గించే వారం వాటి కోసమే. అసలు నడకకు రెండు మూడు వారాల ముందు ఒక్కసారి 30 దాటితే చాలు, ఆపైన తగ్గించుకుంటూ రావడమే. "మరి మిగతా ఇరవై ఎవడు నడుస్తాడు?" అని మిత్రుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. విశ్రాంతి తీసుకున్న కాళ్లు కొంత, వెనకాల వస్తున్నవాళ్ల ముందు పరువు కొంత కలిసి నడిపిస్తాయి.

కాగితం మీద ఇలా ఉంటుంది. ఆచరణలో మొదటి ఆదివారమే ఉత్సాహం పట్టలేక 18 నడిచేస్తారు. రెండో వారం కాలి ముందెముక పట్టేస్తుంది, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని అడ్డంగా దిగాలి. మూడో వారం వాన. నాలుగోది ఎలాగూ తగ్గించే వారం కాబట్టి పూర్తిగా తగ్గిస్తారు. ఐదో వారం మిత్రుడి బావమరిది పెళ్లి.

విశాఖలో ఇంకో చిక్కుంది: గాలిలో తేమ. ఎనిమిది దాటితే చొక్కా పిండుకోవచ్చు. అందుకని నాలుగున్నరకే లేవాలి. ఆ వేళకు వీధి కుక్కలది రాజ్యం. పరుగెత్తితే అవి ఇంకా ముచ్చటపడి వెంటపడతాయి. ఆగాలి, కళ్లలోకి గుచ్చి చూడకుండా పక్కకు తిరిగి మెల్లగా తప్పుకోవాలి. ఈ సూత్రం ఇద్దరికీ తెలుసు. సమయానికి పాటించేది మాత్రం ఒక్కడే, రెండోవాడు అప్పటికే వందగజాల దూరంలో ఉంటాడు. ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకు కుడివైపు నడవాలి, ఎదురొచ్చే లారీ కనపడాలి కాబట్టి. ఇంకో సంగతి: వాన నీరు పోవడానికి రోడ్డును అంచులవైపు కాస్త వాలుగా వేస్తారు. గంటలకొద్దీ ఆ వాలులోనే నడిస్తే ఒక కాలు కొంచెం పొట్టిదైనట్టు తయారై తుంటి పట్టేస్తుంది. వాహనాలు లేని చోట కాసేపు ఎడమ అంచుకు మారితే సరి.

ఇక వేగం. ఇద్దరిలో ఒకడు పొడుగు, గంటకు 6 కిలోమీటర్లు. రెండోవాడు నాలుగున్నర. మొదట్లో మాటలు చెప్పుకుంటూ కలిసే నడుస్తారు. అప్పుఘర్ దాటేసరికి మాటలైపోతాయి, పొడుగువాడు ముందుకెళ్లిపోతాడు. తెన్నేటి పార్కు దగ్గర బెంచీ మీద కూర్చుని, నీళ్లు తాగి, గాలి పీల్చుకుని, నాలుగు ఫొటోలు తీసుకుంటాడు. పావుగంటకు రెండోవాడు రొప్పుతూ వస్తాడు. వాడు కనపడగానే ఇతను చేతులు దులుపుకుని లేచి, "వచ్చేశావా? పద మావా!" అంటాడు. చూడండి ఎంత ధర్మమో: బలంగా ఉన్నవాడికి పావుగంట విశ్రాంతి, అలిసిపోయినవాడికి నిమిషం లేదు. దీనికి మందు ఒక్కటే. నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి, వాడు కూర్చున్న క్షణం నుంచే విశ్రాంతి లెక్క మొదలవ్వాలి. జట్టంతా కలిసి చెక్‌పోస్టు దాటాలన్న నియమం ఉన్న నడకల్లో ముందు పరుగెత్తినవాడికి దక్కేది ఎదురుచూపే.

బూట్ల గురించి చెప్పకుండా ఉండలేం. సాయంత్రం పూట కొనాలి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. వేసుకోబోయే సాక్సు దుకాణానికి తీసుకెళ్లాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే కైలాసగిరి మెట్లు దిగేటప్పుడు గోరు పోయి బూటు ముందు గోడను కొడుతుంది, పది రోజులకు నల్లబడి ఊడుతుంది. గోళ్లు నాలుగు రోజుల ముందే అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవాలి. మడమ లోపల జారుతుంటే పైన ఎవరూ వాడని ఆఖరి చిల్లు ఉంటుంది చూశారూ, లేసును అందులోంచి అదే వైపు చిన్న ఉచ్చులా తీసి, ఎదుటి లేసును ఆ ఉచ్చులోంచి లాగి కట్టాలి. ఆ చిల్లు ఉన్నదే అందుకు. అలంకారం కాదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఇది సాధారణంగా ఐదో ఆరో ఆదివారం జరుగుతుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వెళ్లి రావాలని బయలుదేరతారు, మొత్తం 20 కిలోమీటర్ల పైనే. రుషికొండ చేరేసరికి సూర్యుడు పైకొచ్చి, నీళ్లు మెరుస్తూ ఉంటాయి. "కాళ్లు కాసేపు సముద్రంలో పెడదాం మావా, ఉప్పునీళ్లు నొప్పులు లాగేస్తాయి" అంటాడు మిత్రుడు. నొప్పుల సంగతేమో గానీ నీళ్లు తమ పని తాము చేస్తాయి. పది నిమిషాల్లో అరికాలి చర్మం నానిన అటుకులా మెత్తబడుతుంది. బయటికొచ్చి, రుమాలుతో పైపైన తుడుచుకుని, వేళ్ల సందున ఇసుక అలాగే ఉండగా నూలు సాక్సు తొడుగుతారు. నూలు చెమటను పీల్చుకుంటుంది గానీ వదలదు. తడి, వేడి, రాపిడి మూడూ ఒక్కచోట కలిశాయి. బొబ్బకు కావలసినవి సరిగ్గా ఆ మూడే. ఇసుక ఉచితంగా వచ్చిన నాలుగోది.

సాగర్ నగర్ దగ్గర మడమ వెనక చిన్నగా చురుక్కుమంటుంది. ఆ చురుక్కుమన్న క్షణంలో ఆగి, సాక్సు తీసి, ఇసుక దులిపి, ఆరబెట్టి, ఆ చోట కట్లకు వాడే మైక్రోపోర్ టేపు ముడతలు లేకుండా అంటిస్తే మూడు నిమిషాల పని. "నడుస్తుంటే అదే సర్దుకుంటుందిలే" అంటాడు మిత్రుడు. వాడి మడమ కాదు కదా. రెండు కిలోమీటర్ల తర్వాత అది సర్దుకోదు, ఉబ్బుతుంది. పైచర్మం ఒక వైపు, లోపలి పొర ఇంకో వైపు లాగబడి మధ్యలో నీరు చేరుతుంది. సాక్సు తీసి చూస్తే మడమ మీద అర్ధరూపాయంత బుడగ, ఎండలో గాజుపూసలా మెరుస్తూ. ఇద్దరూ వంగి దాన్ని చూస్తారు. దారిన పోయే జాగింగ్ పెద్దాయనా ఆగి చూస్తాడు. "పసుపు రాయండి" అని ఒకరు, "టూత్‌పేస్టు" అని ఇంకొకరు. ఆ మర్యాద సభ జరుగుతుండగానే ఆటో వచ్చి ఆగుతుంది. ఆటోవాడికి ఇలాంటి కాళ్లు దూరం నుంచే తెలుస్తాయి.

చిన్న బొబ్బైతే కదపకుండా కప్పి వదిలేయాలి. పెద్దదై నడవనివ్వకపోతే, సూదిని స్పిరిట్‌తో తుడిచి అంచున రెండుచోట్ల గుచ్చి నీరు వత్తేయాలి. పైచర్మం మాత్రం ఊడబెరకకూడదు, దాన్ని మించిన కట్టు ఏ మందుల షాపులోనూ దొరకదు. ఆపైన ఆయింట్‌మెంటు, గాజుగుడ్డ, టేపు. షుగరున్నవాళ్లు ఈ సూది జోలికి పోకుండా డాక్టరు దగ్గరికే పోవాలి. మళ్లీ రాకుండా ఉండాలంటే నూలు బదులు సింథటిక్ లేదా ఉన్ని సాక్సులు, మడమకూ వేళ్లకూ ముందే పల్చగా వ్యాజిలిన్, బ్యాగులో పొడి సాక్సు జత ఒకటి. వ్యాజిలిన్ తొడల మధ్య కూడా. ఎందుకో 25వ కిలోమీటరు దగ్గర అడగకుండానే తెలుస్తుంది.

నీళ్ల విషయంలో మిత్రుడికి సొంత సిద్ధాంతముంటుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు పెద్దది, 20.5 గ్రాములది, లీటరు నీళ్లకు సరిపడా కొలిచింది. వాడు దాన్ని అరలీటరు సీసాలో దులిపి, "స్ట్రాంగ్‌గా ఉంటే తొందరగా పట్టుద్ది" అంటాడు. పట్టదు. అంత చిక్కటి నీరు పేగుల్లోంచి ఒంట్లోకి పోవడానికి బదులు ఒంట్లోని నీటినే పేగుల్లోకి లాగుతుంది. ఆ తర్వాతి కిలోమీటర్లు నడక కాదు, వెతుకులాట. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. గంటకు అర లీటరు అటూ ఇటుగా, గుక్కలు గుక్కలుగా. ఉప్పు లేకుండా లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగినా ఒంట్లో సోడియం పల్చబడి తల తిరుగుతుంది. ఉప్పేసిన మజ్జిగ మన నడకలకు పుట్టిన మందు.

తిండి లెక్క ఇంకా విషాదం. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. నడక ముగిసిన చోట టిఫిన్ సెంటరు. రెండు పూరీలు, కూర, ఆపైన "కష్టపడ్డాం కదా" అని పెసరట్టు ఉప్మా. పదహారు వారాల శిక్షణ తర్వాత బరువు పెరిగిన వీరులున్నారు.

ఈ గొప్పలన్నీ దింపాలంటే ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చూడాలి. చతుర్దశి నాడు తొలిపావంచా, అంటే కొండ మెట్లు మొదలయ్యే చోట, కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. రాత్రంతా నడుస్తారు, చాలామంది చెప్పుల్లేకుండా. మీరు ఖరీదైన బూట్లు, నీటిసంచీ, తలకు లైటుతో పోతుంటే వెనక నుంచి ఓ ముసలావిడ, "కాస్త జరుగు బాబూ" అని దాటిపోతుంది. నడుముకు చెంగు, చేతిలో ఎవరో పంచిన పులిహోర దొప్ప. ఆవిడ కాలికి బొబ్బ రాదు. తడి సాక్సు లేదు, అరికాలు ఏళ్లుగా గట్టిపడింది. మీరు ఆవిడలా బూట్లు విప్పితే మాత్రం కిలోమీటరులో దెబ్బైపోతారు.

ఇంతకీ విరాళాలు. "నేను నడుస్తాను, డబ్బులివ్వండి" అంటే కుటుంబ గ్రూపులో మొదట వచ్చే ప్రశ్న, "నడవడానికి డబ్బులెందుకురా?" రెండోది పెద్ద మామయ్యది: "80జీ వస్తుందా?" అంటే, ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు వస్తుంది, సంస్థకు ఆ నమోదుండాలి, నగదు 2,000 దాటితే రాదు. ఇదంతా ఓపిగ్గా టైపు చేశాక తేలేదేమంటే, మామయ్య కొత్త విధానంలోకి మారి రెండేళ్లైంది. అయినా పెద్దమనసు. "కిలోమీటరుకు పది రూపాయలు రాసుకో. నడిచినంతకే."

నడక పూర్తవుతుంది. బొబ్బలు రెండు, నల్ల గోరు ఒకటి, పతకాలు రెండు. మిత్రుడి వాచీలో 50.4 కిలోమీటర్లు. మీ ఫోనులో 49.2, ఎందుకంటే అది జేబులో కూర్చుని అడుగులు లెక్కపెట్టి దూరం ఊహిస్తుంది, చివర్లో మీరు వేసినవి అడుగులని దానికి నమ్మకం కుదరలేదు. రెండు ఫొటోలూ గ్రూపులో పెడతారు. మామయ్య అరగంట ఆలోచించి ఫోన్ చేస్తాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ తక్కువ చూపించింది నీదేనా?"

"అవును మామయ్యా."

"అయితే దాని లెక్కే తీసుకుందాం. వాడి వాచీతో మనకేం పని?"

ఖాతాలో 492 రూపాయలు పడతాయి.