బొటనవేలి బాకీ

రాత్రి షిఫ్టు ముగిసే వేళ పవర్ ప్రెస్ కింద బొటనవేలు నలిగిపోతుంది. యజమాని తన కారులోనే దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళతాడు, బిల్లు కడతాడు. మూడో రోజు మేస్త్రీ వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. చొక్కా జేబులో కొంత నగదు, సంచిలో ఒక కాగితం. కుడిచేతికి కట్టు ఉంది కనుక ఎడమచేతి వేలిముద్ర వేయించుకుంటాడు. ‘నాకు రావలసినదంతా ముట్టింది, ఇకపై కంపెనీతో ఎలాంటి లావాదేవీ లేదు’ అని ఆ కాగితంలో ఉంటుంది. చదివి వినిపించేవారు ఉండరు. ప్రెస్సుల మీద పనిచేసినవారిని ఎవరిని కదిలించినా ఇలాంటి ఉదంతం ఒకటైనా చెబుతారు.

ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్లు కార్మికుడి చేత ఏం రాయించుకున్నా చెల్లదని 1923 నాటి పరిహార చట్టంలోని 17వ సెక్షన్ వందేళ్లుగా చెబుతూ వచ్చింది. (ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది; ఇక్కడ చెప్పే సెక్షన్ల సంఖ్యలు పాత చట్టానివి.) ఆసుపత్రి బిల్లు కట్టినంత మాత్రాన పరిహారం ఇచ్చినట్లు కాదు. వైద్యానికి అయిన ఖర్చు వేరు, పరిహారం వేరు. రెండూ యజమానే భరించాలి. ఈ ఒక్క ముక్క కార్మికుడికి ముందే తెలిసి ఉంటే ఆ రోజు మేస్త్రీ సంచిలోని కాగితం సంచిలోనే ఉండిపోయేది.

అసలు రావలసింది ఎంత? బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్లు చట్టం షెడ్యూలు లెక్కగడుతుంది. ముప్పై ఏళ్ల కార్మికుడి నెల జీతం 15 వేల రూపాయలు అనుకుందాం. అందులో 60 శాతాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98 అనే గుణకంతో హెచ్చించి, వచ్చినదాంట్లో 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. అదే కార్మికుడు ప్రాణం కోల్పోతే జీతంలో సగాన్ని అదే గుణకంతో హెచ్చించి 15,59,850 రూపాయలు ఇవ్వాలి. మంచం పక్కన చేతిలో పెట్టే నోట్లను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

మరణం విషయంలో చట్టం ఇంకా కచ్చితంగా ఉంది. పరిహారాన్ని, ఇలాంటి కేసులు తేల్చే కమిషనర్ దగ్గరే జమ చేయాలి. మార్చురీ బయట చెట్టు కింద పెద్దమనుషుల సమక్షంలో భార్యకో తండ్రికో ముట్టజెప్పిన సొమ్మును 8వ సెక్షన్ పరిహారం చెల్లింపుగా గుర్తించదు. శవాన్ని సొంతూరికి తీసుకెళ్లాలన్న తొందరలో, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన బంధువులు ఊరుగాని ఊరులో, భాష తెలియక, ఎంత ఇస్తే అంతే తీసుకుంటారని శాసనకర్తలకు తెలుసు. అందుకే ఆ కట్టడి పెట్టారు. ఇవాళ ఆ కట్టడిని అందరి కళ్లముందే దాటేస్తున్నారు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మరో ఫార్మా కంపెనీ ప్రమాదానికి 40 మందికి పైగా బలయ్యారు. రెండు చోట్లా కుటుంబానికి కోటి రూపాయల చొప్పున ప్రకటనలు వచ్చాయి. ఆ కుటుంబాలకు ఎంత ఇచ్చినా తక్కువే. కానీ ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు అర్థమే ‘దయతో ఇచ్చేది’ అని. మంత్రులు, కెమెరాలు వచ్చిన చోట ఆ దయ కురుస్తుంది. అదే వారంలో ఏ రైస్ మిల్లులోనో బెల్టులో చిక్కుకుని ఒక్కడే చనిపోతే, ఏ గ్రానైట్ క్వారీలోనో బండరాయి కింద ఒక్కరే నలిగిపోతే ఎవరూ ఏమీ ప్రకటించరు. ఆ ఒక్కరికి దిక్కు ఈ చట్టమే.

‘వాడి అజాగ్రత్త వల్లే జరిగింది’ అనేది యజమానులు మొదట చెప్పే మాట. అజాగ్రత్త పరిహారానికి అడ్డం కాదు. మద్యం లేదా మాదకద్రవ్యాల మత్తు, భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం మాత్రమే మినహాయింపులు. మరణం సంభవించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా అవి కూడా వర్తించవు. ‘వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి’ అనేది రెండో మాట. 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ కింది కూలీకీ అసలు యజమానే చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి.

ఒక వడ్రంగి సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ 1968 జూలైలో కింద పడ్డాడు. ఎడమచేయి తీసేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతని సంపాదన శక్తి నూటికి నూరు పాళ్లూ పోయినట్లేనని కమిషనర్ తేల్చారు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ తీర్పే నిలిచింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందని, కమిషనర్ తేల్చే రోజు నుంచి కాదని నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా అని 1923 చట్టం చెప్పింది. పైన చెప్పిన బొటనవేలి లెక్కలో వడ్డీ ఒక్కటే ఏడాదికి 67 వేల రూపాయలు దాటుతుంది. జరిమానా బీమా కంపెనీ మీదికి పోదు, యజమాని జేబులోంచే రావాలి. అధికారులు ఈ జరిమానాను వెనకాడకుండా విధిస్తే వాయిదాలు కోరే వకీళ్ల సంఖ్య దానంతటదే తగ్గుతుందని మా నమ్మకం.

కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ ఉన్నచోట దారి వేరు. నెలకు 21 వేల లోపు జీతగాడికి పని ప్రమాదం జరిగితే కోలుకునే దాకా వేతనంలో 90 శాతం వస్తుంది, చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా సరే. పరిహార చట్టం కింద తాత్కాలిక వైకల్యానికి పక్షానికోసారి నెల జీతంలో నాలుగో వంతే, అదీ ఐదేళ్లకు మించకుండా. అర్హుడైన కార్మికుడిని ఈఎస్ఐలో చేర్చకపోవడం ఎంత అన్యాయమో ఈ తేడా చూస్తే తెలుస్తుంది.

పరిహారం లెక్కకు తీసుకునే జీతం మీద పెట్టిన పరిమితి మరో అన్యాయం. 2020 జనవరిలో దాన్ని 8 వేల నుంచి 15 వేలకు పెంచారు. నెలకు 28 వేలు సంపాదించే వెల్డర్ చనిపోయినా లెక్క 15 వేల మీదే. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో ప్రమాదం జరిగినా, పనితో సంబంధం ఉంటే, పరిహారం ఇవ్వాలని అందులో చేర్చడం మంచి అడుగు. పరిహారం లెక్కగట్టే పద్ధతి మాత్రం పాతదే. చేతికందే అసలు జీతాన్నే లెక్కలోకి తీసుకోవాలని కేంద్రాన్ని కోరుతున్నాం. మనిషి పోయాక అతని కుటుంబం ఖర్చులు 15 వేల దగ్గర ఆగవు.

రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూడకుండానే చేయగల పనులు ఉన్నాయి. పనిలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా చెప్పాలని 2017లో చట్టాన్ని సవరించారు. చెప్పకపోతే 50 వేల నుంచి లక్ష దాకా జరిమానా అని అప్పుడు నిర్ణయించారు. పారిశ్రామికవాడల్లో ఒక్కరోజు తనిఖీ చేసి, ఎంతమంది చేతిలో ఆ కాగితం ఉందో కార్మిక శాఖ లెక్క చెప్పాలి.

అంతకన్నా విలువైన అధికారం ఒకటి ఉంది. పనిలో కార్మికుడు చనిపోయాడని ‘ఏ మార్గంలో’ సమాచారం అందినా, 30 రోజుల్లో వివరణ ఇవ్వాలని కమిషనర్ యజమానికి నోటీసు పంపవచ్చు. కుటుంబం దరఖాస్తు కోసం ఎదురుచూడనక్కర్లేదు. కొత్త కోడ్ ఈ అధికారాన్ని అలాగే ఉంచింది. క్లెయిముకు గడువు రెండేళ్లే. భర్తను దహనం చేసి ఊరు చేరిన భార్యకు ఆ గడువు సంగతి ఎవరు చెబుతారు?

మా జిల్లా పేజీల్లో ‘మిల్లులో ప్రమాదం, కార్మికుడు మృతి’ అన్న రెండు అంగుళాల వార్త తరచూ వస్తుంటుంది. చట్టం చెప్పిన ‘ఏ మార్గంలో’ అన్న మాటకు అదీ సరిపోతుంది. ప్రతి జిల్లాలోనూ కార్మిక శాఖ కార్యాలయం ఆ వార్తను కత్తిరించి ఫైలులో పెట్టి, అదే రోజు నోటీసు పంపాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాం. దినకర్మ ముగిసేలోగా ఆ ఇంటికి పోస్టులో ఒక కేసు నంబరు అందాలి.